ఒంటికి పట్టిన టీకా

ఆ కిడ్నీని అక్కచెల్లెళ్లిద్దరూ కోడలు అనే పిలిచేవారు. ఇచ్చింది అక్క అవూర్, పుచ్చుకున్నది చెల్లెలు అపోండి. ఒక ఇంట్లో పుట్టి ఇంకో ఇంటికి కాపురానికి వెళ్లింది గనక అది కోడలు కాక మరేమిటని ఆసుపత్రి మంచాల మీద ఉండగానే పెట్టుకున్న పేరది. నవ్వితే కుట్లు లాగుతాయని నర్సు కోప్పడింది. కోప్పడిన కొద్దీ నవ్వు ఎక్కువైంది. కడుపులు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నవ్వారు. అపోండి అంతకు ముందు మిషను మీద రక్తం కడిగించుకుంటూ బతికిన మనిషి. ఆవిడ పళ్లు కనబడేలా నవ్వి ఎన్నాళ్లయిందో అవూర్‌కి గుర్తే లేదు.

ఇళ్లకు చేరాక కూడా ఆ వేళాకోళం పోలేదు. అపోండి కిసుము పట్నంలో సరస్సు ఒడ్డున చేపలు వేయించి అమ్మేది. మొగుడు ఆవిడకి జబ్బని తెలిసిన రోజుల్లోనే ఇంకో పెళ్లాం గడపలో స్థిరపడిపోయాడు. అవూర్ అత్తవారిల్లు కాజులు కొండ కింద. పొద్దున్నే పొయ్యి రాజేసి, టీ నీళ్లు పడేసి, చెల్లెలికి ఫోన్ చేసేది.

"కోడలెలా ఉందే?"

"నీ పిల్లకేం, మహారాణిలా కూర్చుంది. నీళ్లు మాత్రం బిందెలకు బిందెలు తాగుతోంది. మీ ఇంట్లో ఎప్పుడూ పోయలేదేమో పాపం."

ఇలా మొదలైతే టీ పొంగి పొయ్యి ఆరిపోయేదాకా సాగేది.

అవూర్ అత్తగారికి మాత్రం ఇందులో నవ్వొచ్చేదేమీ కనబడలేదు. ఆపరేషను ముందు రోజు నుంచీ ఆవిడది ఒకటే పాట. తాము ఓలిగా ఆవులు తోలిచ్చి తెచ్చుకున్నది నిండు మనిషినని, కడుపులో ఖాళీ పెట్టుకుని వచ్చిన కోడలికి ఆవుల్లో సగం వెనక్కి రావాలని వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. అవూర్ మొగుడు ఒగుతు నోట్లో నాలుక లేని మనిషి. పడవల ఇంజన్లు బాగుచేసుకుంటాడు. తల్లి మాటకీ తలూపేవాడు, పెళ్లాం మాటకీ తలూపేవాడు, ఆసుపత్రి వాళ్లు సంతకం పెట్టమన్నప్పుడూ అలాగే తలూపుతూ పెట్టేశాడు. అవూర్‌కి మాత్రం అత్తగారికి జవాబు చెప్పకపోతే తిన్నది అరగదు.

"అత్తా, నా కిడ్నీ మీ ఆవుల్లా పాలిచ్చేదా, పేడ వేసేదా? మీరేం చేసుకుంటారు దాన్ని?" అనేసి నీళ్ల డబ్బా ఎత్తుకుని పోయేది.

అంత వేళాకోళంలోనూ ఒక సంగతి మాత్రం ఇద్దరూ నవ్వులాటకి తీసుకోలేదు. అపోండి పొద్దునా సాయంత్రం మాత్రలు వేసుకోవాలి. తప్పకూడదు. ప్రతి ఒంట్లోనూ కాపలావాళ్లుంటారట. కొత్త మనిషి కనబడితే కర్ర పుచ్చుకుని తరుముతారట. ఆ మాత్రలు వాళ్లని నిద్రపుచ్చి ఉంచుతాయి గనకనే కోడలు ఆ ఇంట్లో క్షేమంగా కాపురం చేస్తోంది. ఇది నర్సు చెబెట్ చెప్పిన మాట. ఆవిడ పెద్దాసుపత్రిలో గురువారాల్లో కిడ్నీ మార్పిడి వాళ్లని చూసుకునేది. చెబెట్ మాటంటే అపోండికి ప్రార్థనలో మాటతో సమానం. మాత్రలు వేసుకుంటే చేతులు వణికేవి, మొహం చంద్రబింబంలా ఉబ్బేది. వేసుకునేది. ఏళ్ల తరబడి అపోండి ఇంట్లో టీ పోసింది అక్కే. తను పోస్తే కప్పులోకన్నా సాసర్లోకే ఎక్కువ పడేది.

అంతలో కరోనా వచ్చిపడింది. ఒడ్డున పొయ్యిలు ఆరాయి, మళ్లీ వెలిగాయి. అందరి పొయ్యిలూ వెలిగినా అపోండిది వెలగలేదు. కాపలావాళ్లు నిద్రపోతున్న ఇంట్లోకి ఆ జబ్బు దూరితే అడిగేవాడుండడని చెబెట్ గట్టిగా చెప్పింది. అపోండి తలుపేసుకుని కూర్చుంది. అవూర్ సరుకులు తెచ్చి గుమ్మం బయట పెట్టి, అరుగు దిగి దూరంగా నిలబడి మాట్లాడి పోయేది. ఒడ్డున అపోండి చోటులోకి ఇంకెవరో వచ్చి పొయ్యి పెట్టుకున్నారు. ఆ సంగతి అవూర్ చాలా రోజులు చెప్పలేదు.

అలాంటప్పుడు పుట్టినూరు ఉయోమాలో వాళ్లమ్మ పోయింది. కరోనా కాదు, గుండె. పడుకున్నది పడుకున్నట్టే పోయింది. తమ్ముడు ఒడేరా ఫోన్ చేసేసరికి అవూర్ బట్టలు ఉతుకుతోంది. సబ్బు చేతులు తుడుచుకుని, బోడా మోటారుసైకిల్ ఎక్కి, ముందు చెల్లెలి ఇంటికి వెళ్లింది. వెళ్లేసరికి అపోండి తల మీద నల్లగుడ్డ కట్టుకుని, సంచీ సర్దుకుని, గుమ్మంలో నిలబడి ఉంది.

"సంచీ లోపల పెట్టు," అంది అవూర్.

"అమ్మ, అక్కా. ఇంకెవరో కాదు."

"అమ్మ పోయింది. నువ్వొచ్చినా లేచి కూర్చోదు. అక్కడ ఊరు ఊరంతా మీద పడి ఏడుస్తారు, ఒకళ్ల మూతికి గుడ్డ ఉండదు. నువ్వొస్తే నువ్వూ పోతావు, నాదీ పోతుంది."

నాదీ అన్న మాట దగ్గర అపోండి తలెత్తి చూసింది. సంచీ లోపల పెట్టింది.

ఉయోమాలో జనం అవూర్‌ని మొదట అడిగింది అపోండి గురించే. కూతుళ్లు కంచె దాటుతూనే తల మీద చేతులు పెట్టుకుని, గొంతెత్తి, పరుగున శవం దగ్గరికి వెళ్లి పడాలి. ఒక కూతురే వచ్చి పడితే రెండో కూతురేదని అందరి కళ్లూ వెతుకుతాయి. మేనత్త వరసావిడ ఒకావిడ, కాళ్లూ చేతులూ ఉన్న కూతురు తల్లి మట్టికి రాకపోతే ఆ ఇంటికి చిరా అనే శాపం పట్టుకుంటుందని, తప్పు చేసిన వాళ్లని అది లోపల నుంచి తినేస్తుందని, నలుగురికీ వినబడేలా అంది. మట్టి వేస్తుంటే ఒడేరా పెళ్లాం ఫోన్ గుంత మీదికి వంచి పట్టుకుంది. అపోండి కిసుములో గోడకానుకుని పెళ్లల చప్పుడు విన్నది. అవూర్ ఆ ఫోన్ వంక చూడలేకపోయింది.

తిరిగొచ్చాక చెల్లెలి గుమ్మం ముందు దూరంగా నిలబడి మాటిచ్చింది.

"టీకా వస్తోందంట. వేయించుకో. ఒంటికి పట్టనీ. అమ్మ జ్ఞాపకార్థ కూడికకి నేనే నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా. మట్టికి రాని కూతురు తర్వాత ఎప్పుడొచ్చినా కంచె నుంచి ఏడుస్తూ సమాధి దాకా వెళ్లొచ్చు, తప్పు తీరుతుందని ఒడేరా అన్నాడు. నీకంటే ముందు నేనే ఏడుస్తా, సరేనా?"

"నువ్వు ఏడిస్తే కాకులు లేచిపోతాయి," అంది అపోండి. చాలా రోజుల తర్వాత ఆవిడ వేసిన జోకు అది.

టీకా వచ్చింది. ఇద్దరూ వేయించుకున్నారు. అవూర్‌కి రాత్రంతా చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, అత్తగారి సణుగుడు. అపోండికి ఏమీ లేదు. మర్నాడు మొక్కజొన్న ముద్ద రెండోసారి పెట్టించుకుని తిన్నదట. రెండో టీకాకీ అంతే. నీకు చెయ్యి నొప్పి కూడా రాలేదేమిటే అని అవూర్ అనుమానంగా అడిగింది. నాది గట్టి ఒళ్లు అంది చెల్లెలు. ఆ తర్వాత ఆసుపత్రిలో మందులు వాడే వాళ్లకి టీకా ఎలా పనిచేస్తోందో చూస్తున్నామని రక్తం తీశారు. అపోండి సంతోషంగా చెయ్యి చాచింది. పరీక్ష బాగుందంటే ఉయోమాకి దారి తెరుచుకున్నట్టేనని ఆవిడ లెక్క.

ఫలితం చెబెట్ చెప్పింది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, నెమ్మదిగా, తన తప్పేమో అన్నట్టు చెప్పింది.

"నీ రక్తంలో టీకా పడ్డ ఆనవాలే లేదమ్మా. వేసింది వేసినట్టే వృథా అయింది. తప్పు నీది కాదు. టీకా వచ్చి కాపలావాళ్లకి దొంగ మొహం చూపించి పోతుంది, వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. నీ మాత్రలకి వాళ్లు నిద్రలో ఉన్నారు. ఎవరికి చూపిస్తుంది?"

మూడో టీకా ఇస్తారని, దాంతో కొందరికి పడుతుందని, అప్పటిదాకా ఇల్లు కదలొద్దని చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు మటాటు వ్యానులో అవూర్ కోపం ఆపుకోలేకపోయింది. కోపం ఎవరి మీదో తనకీ తెలియదు. తల్లి కూడికకి తీసుకెళ్తానని ఒడేరాతో, మేనత్తతో, చర్చివాళ్లతో కూడా చెప్పేసింది. ఇప్పుడు అందరికీ మళ్లీ ఏం చెప్పాలి? కిటికీలోంచి సరస్సు వైపు చూస్తున్న చెల్లెలితో, "నీకు ఏమిచ్చినా ఒంటికి పట్టదే. పట్టింది నా కిడ్నీ ఒక్కటే. దాన్నన్నా సరిగ్గా చూసుకో," అంది. అని, కూడిక సంగతి ఇంక మర్చిపొమ్మంది.

అపోండి సరస్సు మీది నుంచి చూపు తిప్పలేదు. పక్క సీటులో కోడిని ఒళ్లో పెట్టుకున్న ముసలాయన ఇద్దరినీ చూసి, కోడిని అటువైపుకి తిప్పుకున్నాడు.

పెద్దాసుపత్రిలో గురువారం పూట వరండాకి ఒక పక్క కిడ్నీ గది, ఇంకో పక్క కీళ్లవాతం గది. మధ్యలో బల్ల ఒకటే, పొడుగ్గా. పొద్దున్నే అందరూ దాని మీదే కూర్చుంటారు. ముందు ప్రార్థన, తర్వాత పాట, తర్వాత చెబెట్ నిలబడి ఆరోగ్యం గురించి అందరికీ కలిపి నాలుగు మాటలు చెప్పడం. ఎవరికైనా మందుల కిటికీ దగ్గర మాత్రలు అయిపోయాయంటే బల్ల మీదివాళ్లు తమ పొట్లాలు విప్పి వచ్చే గురువారం దాకా అప్పు ఇచ్చుకునేవారు. ఒకే రంగు మాత్రలు కనబడితే నువ్వూ నేనూ తోడికోడళ్లం అనుకునేవారు. కీళ్లవాళ్లలో కొందరు మింగే మాత్ర కిడ్నీవాళ్లలో కొందరికీ ఇచ్చేవారు మరి. ఏళ్లు గడిచేసరికి ఆ బల్ల మీద అందరిదీ ఒకే జబ్బు అన్నట్టయింది.

మూడో టీకా సంగతి బల్ల మీద అందరికీ చెప్పిన గురువారం అవూర్ కూడా తోడు వెళ్లింది. చెబెట్ ఎప్పట్లాగే కాపలావాళ్ల కథ చెప్పి, మందులు వాడే వాళ్లందరూ మూడోది వేయించుకోండి, మందుల గురించి మీ డాక్టరుని అడగండి అని ముగించింది. అడగడమంటే తేలికా? డాక్టరమ్మ గది ముందు ఎప్పుడూ తోపులాటే. లోపలికి వెళ్లాక ప్రశ్న గుర్తుండదు, గుర్తున్నా అడిగితే మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదేమోనని అనుమానిస్తారని భయం. అందుకని అడగాల్సినవన్నీ బల్ల మీదే అడుక్కునేవారు.

బల్ల మీద అపోండికి స్నేహితురాలు నెరియా. పాత బట్టలు అమ్ముకునే మనిషి, కీళ్లవాతంతో వేళ్లు కొడవళ్లలా వంకర్లు పోయాయి. ఆవిడ మూడో టీకా ముందే వేయించుకుంది. ఈసారి పట్టిందని పరీక్షలో తేలిందట. ఆ సంతోషంలో గొంతు వరండా అంతా వినబడుతోంది.

"మా డాక్టరే చెప్పాడు. టీకా వేయించుకున్నాక వారానికోసారి మింగే నా మాత్రలు రెండు వారాలు మానెయ్యమన్నాడు. కాపలావాళ్లు కాస్త లేచి కూర్చుంటారు, దొంగని చూసుకుంటారు, మళ్లీ పడుకోబెట్టొచ్చు అన్నాడు. అలాగే చేశాను. పట్టింది."

"నీ వేళ్లు వంకరైనా నీ ఒళ్లు తిన్నగా మాట వింటోంది," అంది అవూర్. బల్ల మొత్తం నవ్వింది.

అపోండి నవ్వలేదు. "మానేస్తే ఏమీ కాలేదా?" అని అడిగింది.

"ఎందుకు కాలేదు, నొప్పులు వచ్చి కూర్చున్నాయి. రవిక బొత్తాం పెట్టుకోలేకపోయాను. ఓర్చుకున్నాను. మళ్లీ మొదలెట్టగానే పోయాయి."

ఇంతలో కిటికీ దగ్గర అపోండి పేరు పిలిచారు. అవూర్ అరటిపళ్లు కొనడానికి గేటు దగ్గరికి వెళ్లింది. జరిగింది అంతే. ఎవరూ రహస్యం చెప్పుకోలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు. తర్వాత అవూర్ ఆ మాటల్ని ఎన్నిసార్లు తిరగేసుకున్నా అందులో తప్పు ఏ పక్కనుందో పట్టుకోలేకపోయింది.

మూడో టీకా వేయించుకున్న రోజు సాయంత్రమే అపోండి మాత్రలు మానేసింది. ఆ సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు.

తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక అవూర్ ఎండబెట్టిన ఒమెనా చేపలు పొట్లం కట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్లింది. అలవాటు చొప్పున టీ కెటిల్ మీద చెయ్యి వేయబోతే అపోండి అందుకుంది. కప్పు నిండా పోసింది. సాసర్లో చుక్క పడలేదు.

అవూర్ ఆ చేతి వంకే చూస్తూ, "ఏమే, వణకట్లేదే," అంది.

"తగ్గిందక్కా."

"మొహం కూడా సన్నబడింది. మళ్లీ పెళ్లికూతురిలా ఉన్నావు. టీకా పట్టినట్టుంది."

"పట్టే ఉంటుందిలే."

అవూర్ ఆ రోజు ఇంటికి పాడుకుంటూ వెళ్లింది. అత్తగారు అడక్కపోయినా, చెల్లెలు బాగుపడిందని, కప్పు చుక్క ఒలకకుండా టీ పోసిందని చెప్పింది. ఒడేరాకి ఫోన్ చేసి కూడికకి ఇద్దరం వస్తామని చెప్పింది. పంట చేతికి రానిదే కూడిక పెట్టలేనని, ఈలోపు కంగారేమీ లేదని అతనన్నాడు. ఆ వణుకు తెచ్చేవి కోడల్ని కాపాడే మాత్రలేనని అవూర్‌కి తెలియనిది కాదు. ఏళ్లుగా తెలుసు. తెలిసి కూడా, నిలకడగా ఉన్న చెయ్యిని చూసి సంతోషించింది.

రెండు వారాలు గడిచాయి. ఇంకో వారం గడిచింది. ఒక పొద్దున అవూర్ ఫోన్ చేసి, "కోడలెలా ఉంది?" అనడిగింది.

"కోడలు నీళ్లు తాగట్లేదక్కా," అంది అపోండి.

అవూర్ నవ్వబోయింది. చెల్లెలి గొంతులో నవ్వు లేదు.

వెళ్లి చూస్తే కాళ్లు ఉబ్బి చెప్పుల పట్టీ పట్టడం లేదు. జ్వరం. కోత పెట్టి కిడ్నీ కూర్చోబెట్టిన చోట కడుపు గట్టిపడి, చెయ్యి వేస్తే ఓర్చుకోలేకపోతోంది. బోడా మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక నుంచి రెండు చేతులతో చుట్టి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారంతా ఆవిడ అరచెయ్యి ఆ గట్టిపడ్డ చోటు మీదే ఉంది.

డాక్టరమ్మ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగింది. అపోండి అక్క వైపు తిరిగి, అక్కకే జవాబు చెప్పింది.

"రెండు వారాలే అనుకున్నాను. బాగానే ఉంది కదా, ఇంకో వారం గట్టిగా పట్టనీ అనుకున్నాను. నెరియా ఆపింది కదా. ఆవిడకి పట్టింది కదా."

డాక్టరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. కీళ్లవాళ్లు ఆపితే వేళ్లు నొప్పి పెడతాయి, మళ్లీ వేసుకుంటే తగ్గుతాయి, కిడ్నీవాళ్లు ఒక్కసారి కాపలావాళ్లని లేపితే వాళ్లు ముందు చూసేది టీకా తెచ్చిన దొంగని కాదు, ఏళ్లుగా ఇంట్లో ఉన్న కొత్త కిడ్నీని అని చెప్పింది. ఆ రెండు గదుల మందుల్లో కొన్ని ఒకటే అయినా ఆ రెండు ఒళ్లూ ఒకటి కాదంది.

"మరి ఒకే బల్ల మీద కూర్చోబెట్టి అందరికీ ఒకే కథ ఎందుకు చెప్పారమ్మా?" అనడిగింది అవూర్.

"మీ డాక్టరుని అడగమని కూడా చెప్పాం కదా," అంది డాక్టరమ్మ. ఆవిడ గది బయట అప్పుడు కూడా తోపులాటగానే ఉంది.

పెద్ద మందులు సెలైన్లో ఎక్కించారు. కాపలావాళ్లని మళ్లీ పడుకోబెట్టాలని చూశారు. వాళ్లు పడుకోలేదు. అవూర్ వార్డులో మంచం పక్కన నేల మీద లెసో గుడ్డ పరుచుకుని కూర్చుంది. చెల్లెలితో కోపంగా మాట్లాడాలని ఉంది, ఏడవాలని ఉంది, నోట్లోంచి మాత్రం ఒకటే మాట వచ్చింది.

"నన్నడగొచ్చు కదే."

"అడిగితే వద్దంటావు."

"అంటాను."

"అందుకే అడగలేదు. అది నాది, దాన్ని జాగ్రత్తగా చూసుకో అంటావు. ఇచ్చిన రోజు నుంచీ అదే అంటున్నావు." అపోండి కళ్లు మూసుకుంది. "అమ్మ నాదీ కదా అక్కా."

అవూర్ జారిన దుప్పటి లాగి చెల్లెలి ఉబ్బిన కాళ్ల మీద కప్పింది.

నెరియాకి ఎవరు చెప్పారో, అంబలి ఫ్లాస్కు పట్టుకుని వార్డు గుమ్మంలో నిలబడింది. వంకర వేళ్లతో మూత తీయలేక అవస్థపడుతూ, నా సంగతి నేను చెప్పాను గానీ నిన్ను మానెయ్యమనలేదు కదమ్మా అని ఏడ్చింది. అపోండి అవునంది. అవూర్ ఫ్లాస్కు అందుకుని, మూత తీసి, చెల్లెలికి గ్లాసులో పోసి, నెరియా వైపు చూడకుండా వెనక్కిచ్చేసింది. ఆ తర్వాత గురువారాల్లో నెరియా బల్ల చివర్న కూర్చునేది. కీళ్లవాళ్లు ఆ చివరకి, కిడ్నీవాళ్లు ఈ చివరకి జరిగారు. మధ్యలో ఖాళీ ఉన్నా ఎవరూ కూర్చునేవారు కాదు. అప్పు మాత్రలు ఇవ్వడం, పుచ్చుకోవడం ఆగిపోయింది.

కోడలు పోయింది. అపోండి మళ్లీ మిషను దగ్గరికి వెళ్లింది. పోయిన కిడ్నీ కోసం కాపలావాళ్లని పడుకోబెట్టి ఉంచడం దేనికని మాత్రలు నెమ్మదిగా తగ్గిస్తూ మానిపించారు. అవూర్ రెండో కిడ్నీ ఇవ్వడానికి వీల్లేదు, ఒడేరాది సరిపడదని మొదట్లోనే తేల్చారు, ఇంకో మనిషి లేడు. ఆ వార్త విన్న రోజు అత్తగారు పెరట్లో బీన్సు ఏరుతోంది. తిడుతుందని, ఆవుల మాట ఎత్తుతుందని అవూర్ కాచుకుని నిలబడింది. ముసలావిడ బీన్సు చాట పక్కన పెట్టి చాలాసేపు కోడలి మొహం వంక చూసింది.

"ఆ మిగిలిందన్నా ఎవరికీ ఇవ్వకు," అంది. అని మళ్లీ చాట అందుకుంది.

అవూర్ కొన్నాళ్లు చెల్లెలికి ఫోన్ చేయలేదు. చేస్తే ఏమని మొదలెట్టాలో తెలియలేదు. పొద్దున్నే టీ నీళ్లు పడేసి, ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేసేది. వాన వచ్చే ముందు కోత మచ్చ దురద పెట్టేది. ఇదివరకు అది దురద పెడితే అక్కడ చెల్లెలి ఒంట్లో కోడలు వింటోందని ముచ్చటపడేది. ఇప్పుడు గోకి ఊరుకునేది. చివరికి అపోండే చేసింది. మిషను దగ్గర మళ్లీ టీకా వేశారని, రాత్రంతా జ్వరం వచ్చిందని, చెయ్యి ఎత్తలేకపోతున్నానని చెప్పింది.

"జ్వరమొచ్చిందా?" అంది అవూర్.

"వచ్చింది."



మళ్లీ రక్తం తీశారు. ఫలితం చెప్పడానికి చెబెట్ మిషన్ల గదికే వచ్చింది. పాపం ఆవిడకి సంతోషం దాచుకోవడం చేతకాదు. అపోండి భుజం మీద చెయ్యి వేసి, ఈసారి బాగా పట్టిందని, మామూలు మనుషులకి పట్టినట్టే పట్టిందని చెప్పింది. ఇంక ప్రయాణాలకి భయపడక్కర్లేదంది. మిషను గిర్రుమని తిరుగుతూ అపోండి రక్తాన్ని గొట్టాల్లోంచి బయటికి తీసి లోపలికి పంపుతోంది. అవూర్ ఆ గొట్టాల్నే చూస్తూ, పట్టిందా సిస్టర్ అని అడిగింది, విననట్టు. చెబెట్ మళ్లీ చెప్పింది. అప్పుడు ఆవిడ నవ్వు మధ్యలో ఆగింది. తను ఏం చెబుతోందో, ఎవరితో చెబుతోందో అప్పటికి తెలిసినట్టుంది. వేరే మంచం దగ్గర పనుందని వెళ్లిపోయింది.

ఒడేరా పంట ఇంటికి చేరింది. కూడిక రోజు పెట్టాడు. మాటిచ్చినట్టే అవూర్ చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది, మిషను రోజుకీ మిషను రోజుకీ మధ్యన.

జెముడు కంచె దగ్గర బోడా దిగారు. లోపల జనం కుర్చీలు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఇంటి వెనక అమ్మ సమాధికి తెల్లసున్నం కొట్టించాడు ఒడేరా. అపోండి తల మీద చేతులు పెట్టుకుంది. గొంతెత్తింది. అమ్మా అన్న మాట సగంలోనే ఊపిరి అందక ఆగిపోయింది. ఉబ్బిన కాళ్లతో పరుగెత్తబోయి నాలుగడుగులకే నిలబడిపోయింది. కూర్చున్నవాళ్లంతా చూస్తున్నారు. మేనత్త కుర్చీలోంచి సగం లేచింది.

అవూర్ చెల్లెలి నడుం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. తనే గొంతెత్తింది. కంచె మీది కాకులు నిజంగానే లేచాయి. తల్లికోసం తను ఏడవాల్సిన ఏడుపు మట్టి రోజునే ఏడ్చేసింది. ఇది అది కాదు. దీనికి ఆ ఇంట్లో పేరు లేదు, సమాధి లేదు, వంటలు లేవు, రేపు కూడిక కూడా ఉండదు. రెండో చెయ్యి తన పక్కటెముకల కింద మచ్చ మీద వేసుకుని, చెల్లెల్ని మోసినట్టుగా నడిపిస్తూ, సమాధి దాకా గొంతు దించకుండా ఏడ్చింది. అపోండి సమాధి అంచు మీద కూలబడి, సున్నం మీద చెంప ఆనించి, చప్పుడు లేకుండా ఉండిపోయింది.

పెద్ద కూతురికి తల్లంటే ఎంత ప్రాణమో చూడండని ఆడవాళ్లు చెప్పుకున్నారు. రెండోసారి కూడా గుండె పగిలేలా ఏడ్చిందన్నారు.

ప్రార్థనలయ్యాయి. మేనత్త వచ్చి అపోండి పక్కన చాప మీద కూర్చుంది. ఇంక చిరా మాట ఎవరూ ఎత్తరని, తప్పు తీరిపోయిందని, రెండు చేతులతో అపోండి మొహం నిమిరింది. తర్వాత అవూర్ వైపు తిరిగింది.

"దీనికి టీకా పట్టిందంట కదే, ఒడేరా చెప్పాడు. ఇంక దిగుల్లేదు."

"పట్టిందత్తా," అంది అవూర్. "బాగా పట్టింది."

ఒడేరా పెళ్లాం టీ కెటిల్, కప్పులు తెచ్చి పెట్టింది. అపోండి అందుకుని తనే పోసింది, మేనత్తకి, అక్కకి, తనకి. మిషను వాళ్లు రోజుకి ఇన్ని నీళ్లని కొలిచి చెప్పారు, అంతకు మించి తాగకూడదు. అవూర్ చెల్లెలి కప్పులోంచి సగం తన కప్పులోకి ఒంపుకుంది. అపోండి ఆ సగం కప్పునే నెమ్మదిగా తాగింది. సాసర్లో చుక్క పడలేదు.